ఆరు గొట్టాలు, ఒక టర్బో, స్పానర్ దూరే సందు

డ్రాగ్ రేస్ వీడియోలో మనకి కనిపించేది పది సెకన్లు. పచ్చ లైటు పడుతుంది, టైర్లు పొగ కక్కుతాయి, బండి కేక పెట్టుకుంటూ పోతుంది, చివర్లో బోర్డు మీద ఓ అంకె. అంతే. ఆ పది సెకన్లూ బానెట్ కింద ఏం జరుగుతోందో ఏ కెమెరాకీ కనపడదు. ఈ వారం ముచ్చట దాని గురించే. ఇంకా సూటిగా చెప్పాలంటే, బానెట్ కింద ఉండే ఒకే ఒక్క సామాను గురించి. ఇంజిన్‌కీ టర్బోకీ మధ్యలో కూర్చునే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్.

పేరు పెద్దది గానీ పని చిన్నదే. ఆరు సిలిండర్ల నుంచి వచ్చే పొగని ఆరు గొట్టాల్లో పట్టి, ఒక చోట కలిపి, టర్బో నోటికి అందించాలి. టర్బోలో ఒక చక్రం ఆ పొగకి తిరుగుతుంది. అదే ఇరుసు మీద అటుపక్క ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోస్తుంది. ఎంత గాలి తోస్తే అంత పెట్రోలు మండించొచ్చు, అంత పవర్. ఆన్‌లైన్లో కొని నట్లు బిగిస్తే అయిపోయే పనికి మాకు మూడు నెలలు ఎందుకు పట్టిందో తెలియాలంటే ముందు బండి సంగతి చెప్పాలి.

బండి మా రూమ్మేట్‌ది. మేముండేది డల్లాస్ పక్కన. బండి 1990ల నాటి నిస్సాన్ 240ఎస్ఎక్స్. తేలికైన బండి, వెనక చక్రాలకి డ్రైవ్. కంపెనీ ఇచ్చిన ఇంజిన్ మాత్రం 2.4 లీటర్ల నాలుగు సిలిండర్లది, పాపం మర్యాదస్తురాలు. దాన్ని దించేసి టొయోటా 2జేజెడ్-జీటీఈ ఎక్కించారు. సుప్రాలో వచ్చిన ఇంజిన్. జపాన్‌లో అరిస్టో అనే సెడాన్‌కి కూడా ఇదే పెట్టేవాళ్లు కాబట్టి, అక్కడి పాత బండ్ల నుంచి తీసిన ఇంజిన్లు అమెరికాలో సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. 2997 సీసీ. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో. బోరూ స్ట్రోకూ రెండూ 86 మిల్లీమీటర్లే. బ్లాక్ మొత్తం పోత ఇనుము, ఎంత ఒత్తిడి పెట్టినా ఓర్చుకుంటుందని పేరు. కంపెనీ దీనికి రెండు చిన్న టర్బోలు ఇచ్చింది. డ్రాగ్ వాళ్లు చేసే మొదటి పని ఆ రెండూ పీకి ఒక పెద్దది పెట్టడం.

(ఇది చదివి మీ బండికి వేరే ఇంజిన్ వేయిద్దామని షెడ్డుకి ఫోన్ చేసేవాళ్లకి ఒక మాట. ఇండియాలో రోడ్డెక్కే బండి ఇంజిన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో ఎక్కాలి. ఇది ట్రాక్ మీదే తిరిగే బండి కాబట్టి మా గొడవలు వేరు.)

ఇంజిన్ స్వాప్‌లో తిరకాసు ఇక్కడుంది. సుప్రా కోసం చేసిన మానిఫోల్డ్ సుప్రా బానెట్ కిందే సుఖంగా ఉంటుంది. మరో కంపెనీ బండిలోకి తెస్తే టర్బో వెళ్లి సస్పెన్షన్ టవర్‌కి గుద్దుకుంటుంది, లేదా బానెట్ మూతపడదు, లేదా కిందున్న ఛాసిస్ రెయిల్‌కి తగులుతుంది. మా వాడి బండికి అంతకు ముందే ఎవరో ఒక చవక మానిఫోల్డ్ కొని, అక్కడక్కడా కోసి, అతికించి ఇరికించారు. పైకి మెరుస్తూనే ఉంది. కానీ ఆరు గొట్టాలూ కలిసే చోట, అతుకు పక్కనే, వెంట్రుకంత సన్నగా నల్లటి గీత. మసి. అంటే లోపలి పొగ బయటికి వస్తోంది.

పొగే కదా, వస్తే రానీ అనుకోవద్దు. ఫుల్ థ్రాటిల్‌లో ఆ గొట్టంలో వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఒత్తిడి మన బైక్ టైరులో ఉండేంత. ఈ రెండూ కలిసి సన్నని పగుల్లోంచి బయటికొస్తే అది పొగ కాదు, గ్యాస్ కటింగ్ టార్చి. దాని ఎదురుగా టర్బోకి నూనె తీసుకెళ్లే హోసు ఉంది. ఆ హోసు కాలితే వేడి టర్బో మీద నూనె పడి మంట లేస్తుంది. మంట లేవకపోతే నూనె కిందికి కారి వెనక టైరు కిందికి పోతుంది. ఆ సమయానికి బండి గంటకి 200 కిలోమీటర్లు దాటి ఉంటుంది. స్టీరింగ్ వెనక మా రూమ్మేట్ ఉంటాడు. వాళ్లమ్మగారు ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి "వాడు సరిగ్గా తింటున్నాడా బాబూ" అని అడుగుతారు. ఆవిడకి ఈ బండి సంగతి తెలీదు.

కాబట్టి కొత్తది చేయాలి. మళ్లీ అతుకులు కాదు, మొదట్నుంచీ.

మా వాడు అప్పటికే ఫోన్‌లో ఫొటోలు దాచుకున్నాడు. ఇన్‌స్టాలో మీరూ చూసే ఉంటారు. ఆరు గొట్టాలూ పాముల్లా మెలికలు తిరిగి, ఒక్కో వెల్డింగ్ మీద ఇంద్రధనుస్సు రంగులు, ఆరింటి పొడవూ సరిగ్గా ఒకటే. ఈక్వల్ లెంగ్త్ అంటారు. "మామా, ఇలాంటిదే కావాలి" అన్నాడు. ఎందుకురా అంటే "ప్రో వాళ్లంతా ఇదే వాడతారు" అన్నాడు. చూడ్డానికి అందంగా ఉంటుందన్న మాట నిజమే. ఆ అందానికి మనం ఏం ఇచ్చుకుంటున్నామో లెక్క వేద్దామని కూర్చున్నాం.

ముందు ఎంత గాలి కావాలి? వాడు అడిగేది 700 హార్స్‌పవర్. ఇక్కడి షెడ్లలో వాడుకలో ఉన్న మోటు లెక్క ఒకటుంది. నిమిషానికి ఒక పౌండు గాలికి సుమారు పది హార్స్‌పవర్. ఆ లెక్కన 700కి నిమిషానికి 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోలు. పది సెకన్ల పరుగుకి ఐదు కిలోల చిల్లర. ఇంట్లో చిన్న గ్యాస్ బండలో ఉండే గ్యాసు ఐదు కిలోలు కదా, అంత బరువు గాలిని ఈ ఇంజిన్ పది సెకన్లలో మింగి, పెట్రోలుతో కలిపి మండించి, ఈ ఆరు గొట్టాల్లోంచి కక్కాలి. గొట్టం మరీ సన్నగా ఉంటే గొంతు పట్టేస్తుంది. మరీ లావుగా ఉంటే పొగ వేగం తగ్గి టర్బో లేవడానికి బద్ధకిస్తుంది. లోపలి వ్యాసం 42 మిల్లీమీటర్ల దగ్గర తేల్చాం. నామమాత్రంగా ఒకటిన్నర అంగుళం అనే స్టీలు పైపు, షెడ్యూల్ 10 రకం. బయటి వ్యాసం 48.3, గోడ మందం 2.77 మిల్లీమీటర్లు. సన్నటి ట్యూబు వాడితే బరువు తగ్గేది గానీ, దానికి వేలాడే టర్బో బరువే పది కిలోల పైన. వేడెక్కి మెత్తబడిన గొట్టానికి పది కిలోలు వేలాడదీసి, ఇంజిన్ వణుకుతుంటే దాన్ని పగలొద్దంటే ఎలా?

ఇక పొడవు సంగతి. ఇక్కడ కాలేజీలో వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ గీసినవాళ్లు ఒకసారి ల్యాబ్ గుర్తు తెచ్చుకోండి. ఫ్లైవీల్ చేత్తో తిప్పుతూ, వాల్వ్ ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది అని సుద్దముక్కతో గుర్తులు పెట్టి, రికార్డులో గుండ్రంగా గీసి సంతకం పెట్టించుకున్నాం. తర్వాత మర్చిపోయాం. టర్బో మానిఫోల్డ్ మొత్తం ఆ గుండ్రటి బొమ్మలోనే ఉంది.

ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ప్రతి 120 డిగ్రీలకీ ఒక సిలిండర్ పేలుతుంది. కానీ ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉండేది 200 డిగ్రీల పైనే. అంటే ఒక సిలిండర్ ఇంకా పొగ ఊదుకుంటూ ఉండగానే ఇంకోటి తలుపు తీసి ధడేల్మని కొడుతుంది. ఆరూ ఒకే గదిలోకి ఊదితే, చివరి ఊపిరి వదులుతున్న సిలిండర్‌లోకి పక్కవాడి పొగ వెనక్కి తన్నుకొస్తుంది. సరిగ్గా ఆ సమయానికి దాని ఇన్‌టేక్ వాల్వ్ కూడా తెరుచుకుంటూ ఉంటుంది. కొత్త గాలి రావాల్సిన చోట పాత పొగ చేరుతుంది. పవర్ పోతుంది, లోపల వేడి పెరుగుతుంది.

దీనికి మందు ట్విన్ స్క్రోల్. టర్బో నోటిలో మధ్యకి ఒక అడ్డుగోడ ఉంటుంది. మొదటి మూడు సిలిండర్ల పొగ ఒక పక్కకి, వెనక మూడింటిది ఇంకో పక్కకి. 2జేజెడ్ పేలే వరస చూడండి: 1-5-3-6-2-4. ముందు గుంపు, వెనక గుంపు, ముందు, వెనక... పేకముక్కలు పంచినట్టు ఒకటి ఇటు, ఒకటి అటు. కాబట్టి ఒక గుంపులో రెండు పేలుళ్ల మధ్య దూరం 120 కాదు, 240 డిగ్రీలు. ఒకరి ఊపిరి దాదాపు అయిపోయాకే ఇంకొకరు వస్తారు. వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్‌కి పుట్టుకతో వచ్చిన అదృష్టం ఇది. అమెరికన్ వీ8ల్లో ఒక పక్కనున్న నాలుగు సిలిండర్లూ ఇంత సమానంగా పేలవు. ఒకసారి 90 డిగ్రీల దూరం, ఒకసారి 270. అక్కడ ఈ విడదీత కోసం అటు గొట్టం ఇటు, ఇటు గొట్టం అటు ఇంజిన్ దాటించాలి.

సరే, గుంపులు విడదీశాం. ఇప్పుడు ఒక గుంపులో మూడు గొట్టాల పొడవులో 10 సెంటీమీటర్ల తేడా ఉందనుకోండి. ఎంత నష్టం? 900 డిగ్రీల పొగలో శబ్దం వేగం సెకనుకి సుమారు 670 మీటర్లు. 10 సెంటీమీటర్లు దాటడానికి 0.15 మిల్లీసెకన్లు. 7000 ఆర్పీఎంలో ఆ కాసేపట్లో క్రాంక్ తిరిగేది ఆరు డిగ్రీల చిల్లర. 240లో ఆరు. దీనికోసం పొట్టి గొట్టాలకి మెలికలు తిప్పి పొడవు పెంచాలంటే ఒక్కోదానికి ఇంకో రెండు మూడు ముక్కలు, ఒక్కో ముక్కకి రెండు వైపులా వెల్డింగు. ప్రతి వెల్డింగూ రేపు పగలగల చోటే. పైగా గొట్టం పెరిగినకొద్దీ టర్బోకి చేరాల్సిన వేడి దారిలోనే బానెట్ కిందికి పోతుంది.

టర్బో లేని రేసింగ్ ఇంజిన్ అయితే నేనే ఈక్వల్ లెంగ్త్ కోసం పోట్లాడేవాణ్ని. అక్కడ గొట్టం పొడవుతోనే ట్యూనింగ్ చేస్తారు. గొట్టం చివర టర్బైన్ అడ్డంగా కూర్చున్నాక ఆ సంగీతం చాలావరకు చెడిపోతుంది. పైగా ఇది డ్రాగ్ బండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ట్రాన్స్‌బ్రేక్ ఉంది. లైను దగ్గర గేరు పట్టి ఉంచి, బండి కదలకుండానే ఇంజిన్ రేజ్ చేసి బూస్ట్ ఎక్కిస్తారు. మలుపుల్లో కాలు తీసి మళ్లీ తొక్కే బండికి టర్బో ఎంత త్వరగా లేస్తుందనేది ప్రాణం. దీనికి ఆ అవసరం తక్కువ. మా వాడు లెక్క చూసి, కాసేపు ఫొటో చూసి, మళ్లీ లెక్క చూసి, "మరి రంగులైనా వస్తాయా" అన్నాడు. వస్తాయని చెప్పా.

ఓపెన్‌ఫోమ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో పొగ ప్రవాహం కూడా నడిపి చూశాను. రంగురంగుల బొమ్మలొచ్చాయి. మూడు గొట్టాలు కలిసే చోట ఏ కోణం మేలో చెప్పడానికి అది బాగానే పనికొచ్చింది. కానీ నిజం పొగ నల్లా నీళ్లలా సాఫీగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఆ దెబ్బలతో సహా లాప్‌టాప్‌లో నడపాలంటే నా ఓపిక, దాని ఫ్యాను రెండూ సరిపోవు. బొమ్మ చూసి నమ్మే ముందు అది ఏ ప్రశ్నకి జవాబో చూసుకోవాలి. మా ఆఫీసు డాష్‌బోర్డులకీ ఇదే రోగం.

లెక్కల కన్నా చోటు గట్టిది. నా ఉద్దేశంలో మానిఫోల్డ్ డిజైన్‌లో గొట్టాలు గీయాల్సింది ఆఖర్న. మొదట టర్బో ఎక్కడ కూర్చుంటుందో తేలాలి. దానికన్నా ముందు డౌన్‌పైప్, అంటే టర్బో నుంచి బయటికి పోయే గొట్టం. అది నాలుగు అంగుళాలది, అన్నిట్లోకీ లావు, దానికే అసలు దారి దొరకదు. తర్వాత నూనె. టర్బో బేరింగుల్లోంచి నూనె దానంతటదే కిందికి జారి ఇంజిన్ అడుగున ఉన్న సంపులోకి పోవాలి. పంపు ఏమీ లాగదు. కాబట్టి టర్బో సంపుకన్నా ఎత్తులో ఉండాలి, డ్రెయిన్ గొట్టం నిటారుగా దిగాలి. మధ్యలో పల్లం వస్తే నూనె నిలిచి, సీళ్లు దాటి, పొగగొట్టంలోంచి నీలం పొగ. పైన బానెట్, పక్కన సస్పెన్షన్ టవర్, ముందు రేడియేటర్. వరస ఇంజిన్ పొడుగు కాబట్టి ముందు మిగిలిన జాగా జానెడు లేదు. అదృష్టం ఏంటంటే 2జేజెడ్‌కి ఎగ్జాస్ట్ కుడివైపు, అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు. మన ఇండియా బండిలా కుడి స్టీరింగ్ అయితే ఇదే పక్కన స్టీరింగ్ రాడ్డూ, బ్రేక్ సిలిండరూ కూడా ఉండేవి. బ్రేక్ ఆయిల్ పక్కన 900 డిగ్రీలు అంటే ఇంకో పెద్ద కథ.

దీన్నంతటినీ ఫోన్‌తో స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామనుకుంటారు చాలామంది. గది కొలతలకి అది చాలు గానీ, మిల్లీమీటర్ల పనికి చాలదు. మేం వాడింది పీవీసీ పైపు. ఇక్కడో తమాషా ఉంది. అమెరికా కొలతల్లో ఒకటిన్నర అంగుళం పీవీసీ ప్లంబింగ్ పైపు బయటి వ్యాసం, ఒకటిన్నర అంగుళం స్టీలు పైపు బయటి వ్యాసం ఒకటే. రెండూ 48.3. పైపుల లోకంలో అందరూ ఒకే పాత పట్టికని పాటించడం వల్ల మాకు ఇరవై డాలర్లలో ఇంజిన్ పక్కన నిలబడే నమూనా తయారైంది. వంపుల దగ్గర మాత్రం ప్లంబింగ్ ఎల్బోలు కుదరవు, వాటి మలుపు వేరు. అక్కడ స్టీలు బెండుల కొలతకి 3డీ ప్రింటర్‌లో ముక్కలు తీశాం. ఒక్క జాగ్రత్త: ఆ ప్లాస్టిక్ దగ్గర వెల్డింగ్ నిప్పు పెట్టకూడదు. పీవీసీ కాలితే వచ్చేది ఊపిరితిత్తులు తినేసే గ్యాసు.

నమూనా బిగించాక మాకు వెల్డింగ్ చేసే పెద్దాయన వచ్చి చూశారు. రిటైరైన మనిషి, మాటలు తక్కువ. గొట్టాల వైపు కన్నెత్తి చూడలేదు. జేబులోంచి ఒక రెంచి తీసి, వెనకనుంచి రెండో గొట్టం కింద ఉన్న నట్టు మీద పెట్టి తిప్పబోయారు. తిరగలేదు. ఏమీ అనకుండా రెంచి మా రూమ్మేట్ చేతిలో పెట్టి పక్కకి జరిగారు. వాడూ తిప్పబోయాడు. చెయ్యి దూరింది గానీ రెంచి తిరిగే సందు లేదు. రేసు మధ్యలో గాస్కెట్ లీకైతే బిట్‌లో బండి ఆపుకుని, కాలే ఇంజిన్ మీద వంగి విప్పాల్సింది ఆ నట్టే. ఆ గొట్టాన్ని 15 మిల్లీమీటర్లు పైకి లేపాం. పొడవు ఇంకాస్త పెరిగింది. పెరగనీ.

వేస్ట్‌గేట్ గురించి కూడా చెప్పాలి, ఇది చాలామంది తలకిందులుగా అనుకునే విషయం. టర్బో మరీ ఎక్కువ తిరగకుండా కొంత పొగని పక్కదారి పట్టించే తలుపు అది. బూస్ట్ ఎక్కువ కావాలంటే పెద్ద వేస్ట్‌గేట్ కావాలి కదా అనుకుంటాం. ఉల్టా. బూస్ట్ ఎక్కువ కావాలంటే పొగంతా టర్బోకే పోవాలి, తలుపు కొంచెం తెరిస్తే చాలు. తక్కువ బూస్ట్ దగ్గర పట్టి ఉంచాలంటేనే బోలెడు పొగని బయటికి పంపాలి, అప్పుడే పెద్ద తలుపు కావాలి. డ్రాగ్ బండికి రెండూ కావాలి. మొదటి సెకనులో ఫుల్ బూస్ట్ ఇస్తే టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. కాబట్టి తక్కువతో బయల్దేరి, బండి నేల పట్టాక పెంచుకుంటూ పోవాలి.

తలుపు ఎంత పెద్దదన్నదే కాదు, ఎటు తిరిగి ఉందన్నదీ ముఖ్యమే. కాలువ నుంచి బోదె తీసేవాళ్లని అడగండి. నీళ్లు పారే వైపుకి ఏటవాలుగా తీస్తే నీరు దానంతటదే మళ్లుతుంది. వెనక్కి తిప్పి తీస్తే ఎంత వెడల్పు తవ్వినా సరిగ్గా ఎక్కదు. పొగ కూడా అంతే. చోటు లేదని గొట్టం పక్కకి నిటారుగా అతికించిన వేస్ట్‌గేట్లు ఎన్నో చూశాం. అలాంటి బండికి 12 పీఎస్ఐ దగ్గర ఆగమంటే ఆగదు, ఆర్పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ పాకుతూ పోతుంది. మేం గుంపుకొకటి చొప్పున రెండు పెట్టాం. రెండూ గొట్టాలు కలిసిన తర్వాతే, పొగ పోయే వైపుకే ఏటవాలుగా. గొట్టాల అందం ఇక్కడ మళ్లీ కొంత పోయింది. మా వాడు ఈసారి ఏమీ అనలేదు.

ఇక పగులు. దీనికోసమే కదా ఇదంతా. మా తాతల కాలంలో ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా ఎలా వేసేవారో పెద్దవాళ్లని అడగండి. పట్టాని చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, అది సాగాక చక్రానికి తొడిగి నీళ్లు కొట్టేవారు. చల్లారి బిగుసుకుంటే ఇక ఊడదు. ఆ బిగువే మా శత్రువు. స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది. 30 సెంటీమీటర్ల గొట్టం 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక చివర ఇంజిన్‌కి బిగించి ఉంది. అక్కడ నీళ్లతో చల్లబడే అల్యూమినియం హెడ్డు, అది అంత పెరగదు. ఇంకో చివర టర్బో. మధ్యలో గొట్టానికి పెరిగే దారి లేకపోతే అది బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. ఆ చోటు దాదాపు ఎప్పుడూ వెల్డింగ్ పక్కనే ఉంటుంది, మూడు గొట్టాలు కలిసే మూల.

డ్రాగ్ బండి నడిచేది పది సెకన్లే కదా, ఎందుకు పగలాలి అని అడుగుతారు. పగులు గంటలు లెక్కపెట్టదు. ఎన్నిసార్లు ఎర్రబడి చల్లారింది అన్నది లెక్కపెడుతుంది. హైవే మీద లారీ మానిఫోల్డ్ రోజంతా ఒకే వేడిలో ఉంటుంది. ఇది ఒక్క సాయంత్రంలో ఐదారుసార్లు ఎర్రబడి చల్లారుతుంది.

అందుకే మూడు పనులు చేశాం, మూడూ పెద్దాయన మాట మీదే. ఇంజిన్‌కి అంటుకునే అరంగుళం మందం ప్లేటుని, వెల్డింగ్ అయ్యాక, పోర్టుల మధ్య రంపంతో కోసేశారు. ఆరు గొట్టాలూ ఆరు వేరు వేరు పాదాల మీద నిలబడ్డాయి, ఎవరి సాగుడు వాళ్లది. టర్బో బరువు గొట్టాల మీద పడకుండా ఒక ఊతకమ్మి పెట్టారు. దాన్ని ఇంజిన్ బ్లాక్‌కే బిగించారు, ఛాసిస్‌కి కాదు. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. ఛాసిస్‌కి కడితే ప్రతి లాంచ్‌లోనూ మానిఫోల్డ్‌ని మనమే విరుస్తున్నట్టు. మూడోది లోహం. గొట్టాలకి 304 రకం స్టెయిన్‌లెస్ చాలు. గొట్టాలు కలిసే చోట మాత్రం 321. మామూలు స్టెయిన్‌లెస్‌ని సుమారు 425 నుంచి 860 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే లోపలి కార్బన్, తుప్పు ఆపే క్రోమియంని లాగేసుకుంటుంది. వెల్డింగ్ అంచున బలం పోతుంది. 321లో టైటానియం ఉంటుంది. కార్బన్ దానితో కలుస్తుంది, క్రోమియం క్షేమం. ధర మాత్రం బాగా ఎక్కువ, అందుకే అంతటా వాడలేదు.

వెల్డింగ్ చూడ్డానికి మాత్రం సెలవు పెట్టి వెళ్లాను. టిగ్ వెల్డింగ్. బయట ఆర్గాన్ గ్యాస్ కాపు కాస్తుంది, అది అందరూ చేసేదే. గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే లోపలి వైపు వేడి లోహం గాలి తగిలి నల్లగా, గరుకుగా, మాడిన చక్కెర పాకంలా పేరుకుంటుంది. పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది. విరిగి పడితే ఆ ముక్క నేరుగా నిమిషానికి లక్ష చుట్లు తిరిగే టర్బైన్ చక్రం మీదికి. పాత మానిఫోల్డ్‌ని కోసి చూపించారు. లోపలంతా ఆ పాకమే. పైకి మెరిసేది అందుకే నమ్మొద్దన్నమాట.

ఆయన ఒక పాత సిలిండర్ హెడ్డుకి ప్లేటు బిగించి, ఇక్కడ ఒక అంగుళం, అటు చివర ఒక అంగుళం అన్నట్టు దూరదూరంగా అతుకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోయారు. ఒకేచోట వేడి పెడితే ప్లేటు అప్పడంలా వంకర పోతుంది. మూడు గంటల్లో అయిపోతుందనుకున్నది రెండు రోజులు పట్టింది. మా వాడడిగిన రంగులు కూడా వచ్చాయి.

బండికెక్కించాక లీకు చూసే పద్ధతి మన సైకిల్ షాపుదే. ఎగ్జాస్ట్ వెనక నుంచి వాక్యూమ్ క్లీనర్‌తో గాలి ఊది, ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు చల్లాం. నాలుగో పోర్టు గాస్కెట్ దగ్గర బుడగలు. నట్లు ఇంకాస్త బిగిస్తే ఆగాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ బిగించాం. ఇలా మూడుసార్లు. ప్రతిసారీ ఏదో ఒక నట్టు కాస్త తిరిగింది. మూడోసారి ఏదీ తిరగలేదు.

గొట్టాలు కలిసే చోట రెండు చిన్న రంధ్రాలు ముందే పెట్టించాం. ఒకటి వేడి కొలవడానికి, ఒకటి ఒత్తిడి కొలవడానికి. ఒత్తిడి సెన్సార్ వేడికి కాలిపోకుండా మధ్యలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం. డైనో మీద ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి 20 పీఎస్ఐ ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో వెనక్కి తన్నే ఒత్తిడి 27 దగ్గర నిలబడింది. ఒకటికి ఒకటిన్నర లోపు. టర్బో ఇంకా ఊపిరాడుతోందని అర్థం. రెండింతలు చూపించి ఉంటే ఎంత బూస్ట్ పెంచినా వేడే తప్ప పవర్ రాదు.

ఎన్నిస్‌లో, డల్లాస్‌కి దక్షిణాన, టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది. 1986లో కట్టిన కాంక్రీటు ట్రాక్. మా వాడు అక్కడికే తీసుకెళ్తానంటున్నాడు. 402 మీటర్లు పది సెకన్లకి కాస్త అటూ ఇటూ రావచ్చని వాడి లెక్క. పది కన్నా తక్కువొస్తే ఇంత పాత బండికి అమెరికా డ్రాగ్ రూల్స్ ప్రకారం ఛాసిస్ సర్టిఫికేషన్ కావాలి. అది ఇంకా చేయించలేదు కాబట్టి ప్రస్తుతానికి 16 పీఎస్ఐ దాటనివ్వనని ట్యూన్ ఫైలుకి నేనే పాస్‌వర్డ్ పెట్టాను. వాడు రోజూ పొద్దున్న కాఫీతో పాటు అదేంటని అడుగుతున్నాడు.